కత్తి పట్టనివాళ్ల కచేరీ

ఖమ్మం జిల్లా ముదిగొండ నుంచి కోదాడ చేరి హైదరాబాదు రోడ్డెక్కితే సూర్యాపేట వస్తుంది. అక్కడా, నల్లగొండలోనూ, అటు జనగామలోనూ మొదట్లో క్రైస్తవ మిషన్లు నడిపినవాళ్లు పేరుకు అమెరికన్ బాప్టిస్టుల లెక్కలో ఉన్నారు. మనుషులూ, వాళ్ల వెనకున్న డబ్బూ చాలావరకు వచ్చింది మాత్రం రష్యా సామ్రాజ్యం నుంచి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఇప్పటి ఉక్రెయిన్ దక్షిణాన ఉన్న గోధుమ పొలాల నుంచి. 1889లో భార్య మరియాతో మన దేశానికి వచ్చి, మరుసటేడు నల్లగొండలో కాపురం పెట్టిన అబ్రహాం ఫ్రీజెన్ రష్యా ప్రజే గానీ ఇంటి భాష జర్మన్. చదివింది హాంబర్గు బాప్టిస్టు సెమినరీలో. సంఘం మెనొనైట్ బ్రెదరెన్.

నల్లగొండలో ఆయన చేసిన బోధ గురించి సంఘ చరిత్రకారులు రాశారు, రాస్తున్నారు. నన్ను పట్టుకున్నది ఆయన వెనక వదిలి వచ్చిన ఊళ్ల సంగతి. కత్తి పట్టం, ఒట్టు వేయం, రాజ్యం చేసే పని మాది కాదు అని రెండు వందల ఏళ్లకు పైగా చెప్పుకుంటూ వచ్చిన మనుషులు, మైదానంలో బయటివాళ్లు ఎవరూ లేని ఊళ్లు కట్టుకుని, తమను తామే పాలించుకోవలసి వచ్చింది. ఆ పాలనను వాళ్లు ఎట్లా అమర్చుకున్నారో చూస్తుంటే పనితెలిసిన చేయి కనిపిస్తుంది. అందులోనూ అన్నిటికంటే మేలైన పని గుడిలోనూ కచేరీ మెట్ల మీదా లేదు, ఒక లెక్కల పుస్తకంలో ఉంది.

వాళ్ల పూర్వకథ క్లుప్తంగా. 16వ శతాబ్దపు ఐరోపాలో పసిపిల్లలకు బాప్తిస్మం చెల్లదు, తెలివి వచ్చి తనంతట తాను ఒప్పుకున్నవాడికే చెల్లుతుంది అన్నవాళ్లను కాథలిక్కులూ చంపారు, ప్రొటెస్టెంట్లూ చంపారు. మెన్నో సైమన్స్ అనే ఫ్రీస్‌లాండ్ పూజారి 1536లో పాత చర్చి వదిలి వీళ్లలో కలిశాడు. ఆయన పేరే సంఘానికి నిలిచింది. నెదర్లాండ్స్ నుంచి పారిపోయిన కొందరు విస్తులా నది డెల్టా చేరి బురదనేలలో కాలువలు తవ్వి సాగు చేశారు. సైన్యంలో చేరరు కాబట్టి ప్రష్యా రాజులు వీళ్లు కొత్తగా భూమి కొనకుండా కట్టడి పెట్టారు. పిల్లలు పెరుగుతున్నారు, పొలం పెరగడం లేదు. సరిగ్గా అప్పుడు రష్యా రాణి కాథరిన్ పిలుపు అందింది. విదేశీయులు వచ్చి స్థిరపడవచ్చు, మతం మీది మీకే, సైనిక సేవ అడగం అని ఆమె 1763లోనే ప్రకటించింది. 1789లో ద్నీపర్ ఒడ్డున ఖోర్తిత్సా, 1804లో మొలోచ్నా నది ఒడ్డున రెండో స్థావరం మొదలయ్యాయి. 1800లో పాల్ చక్రవర్తి వాళ్ల హక్కులన్నిటినీ ఒక సనదుగా రాసిచ్చాడు.

ఆ భూమి ఖాళీది అనుకోకూడదు. ఖోర్తిత్సా కొసాక్కుల గడ్డ. 1775లో రాణి సైన్యం వాళ్ల కోటను కూల్చింది. మొలోచ్నా చుట్టుపక్కల నొగాయ్ తెగవాళ్లు గొర్రెలు మేపుకునేవారు. తమకు నచ్చిన దేవుడిని కొలుచుకోవడానికి వెళ్లిన శరణార్థులు అక్కడికి సామ్రాజ్యం పంపిన వలసదారులుగానే చేరారు. భద్రాచలం ఏజెన్సీలో ఆదివాసీల భూమిని కాపాడే 1/70 చట్టం ఎందుకు అవసరమైందో తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక ఊరు. ఒకటే వెడల్పు వీధి, అటూ ఇటూ ఇళ్లు, ఇంటిని ఆనుకునే కొట్టం. పూర్తి కమతం అంటే 65 దెస్యతీనాలు, మన లెక్కలో దాదాపు 175 ఎకరాలు. అదంతా ఒక్కచోట ఉండదు. నల్లనేలలో కొంత, చౌడులో కొంత, దగ్గర కొంత, దూరం కొంత. మంచి చెడు అందరికీ సమంగా రావాలని అట్లా చీల్చారు. నీళ్లు చాలని ఏడు చెరువు కింద దామాషా వేసుకున్న తెలంగాణ రైతుకు ఈ తర్కం కొత్తది కాదు.

ఊరి పెద్దను షుల్ట్సే అనేవారు. అతనికి ఇద్దరు సహాయకులు, ఒక లేఖరి. భూమి ఉన్న ఇళ్ల యజమానులు కూడి ఎన్నుకునేవారు. ఊళ్లన్నిటి మీదా ఒక జిల్లా కచేరీ ఉండేది. మొలోచ్నాకు అది హాల్బ్‌స్టాట్‌లో, దాని పెద్ద ఒబర్‌షుల్ట్సే. అతనూ ఎన్నికైనవాడే. ఆ పైన జారు ప్రభుత్వం వలసదారుల కోసం పెట్టిన ప్రత్యేక శాఖ. కాపలా, బాట మరమ్మతు, సర్కారు మనిషి వస్తే బండి కట్టడం, బడి ఇంటికి గడ్డి కప్పించడం లాంటి పనులు ఇంటింటికీ వంతుల మీద తిరిగేవి. అదే కాలంలో మన దగ్గర నిజాం రాజ్యపు పల్లెలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉన్నారు. ముగ్గురివీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పదవులు. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా చావడి తాళం ఆ ఇళ్లలోనే ఉంది. అక్కడ బండి కట్టడం వంతు, ఇక్కడ వెట్టి. రెండూ సర్కారు బండ్లే. వంతు ఇంటింటికీ తిరుగుతుంది, వెట్టి పటేలు ఇంటికి రాదు.

అగ్గి సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. ఇల్లు కాలితే ఊరంతా కలిసి కట్టివ్వడం అన్ని దేశాల్లో ఉన్న మర్యాదే. వీళ్లు విస్తులా డెల్టాలో ఉన్న నాటినుంచీ దాన్ని రాతలోకి తెచ్చారు. ప్రతి ఇంటికీ, కొట్టానికీ ముందే విలువ కట్టి పుస్తకంలో రాసుకుంటారు. నిప్పంటుకుంటే నష్టం ఎంతో తేల్చి, మిగతా ఇళ్లకు వాటి విలువను బట్టి వాటా వేసి వసూలు చేస్తారు. ముందుగా కట్టే ప్రీమియం లేదు, పోగుపడే నిధి లేదు, దాన్ని మింగే మేనేజరూ లేడు. కాలినప్పుడే లెక్క కదులుతుంది.

అసలు పని అనాథల కచేరీ. జర్మన్‌లో వైజెనామ్ట్ అంటారు. పేరు విని అనాథాశ్రమం అనుకుంటాం గానీ అక్కడ పిల్లలు ఉండరు, వాళ్ల డబ్బు ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా చాలు, పిల్లలకు దానితో పని పడుతుంది.

ఎట్లా నడిచేదో ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక ఇల్లు, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి చనిపోయింది. అంత్యక్రియల దుఃఖం ఇంకా ఆరకముందే ఆ ఇంటికి లెక్క వస్తుంది. పిల్లలు మైనర్లు కాబట్టి వాళ్లకు సంరక్షకులను నియమిస్తారు. పొలం, ఇల్లు, గుర్రాలు, ఆవులు, నాగళ్లు, రావలసిన బాకీలు, తీర్చవలసిన అప్పులు అన్నీ రాసి విలువ కడతారు. అప్పులు పోను 1,200 రూబుళ్లు తేలింది అనుకోండి. సగం, అంటే 600, తండ్రిది. మిగిలిన 600 తల్లి వాటా, అది పిల్లలది. ముగ్గురికీ తలా 200. కూతురికి కూడా 200. కట్నం ఇచ్చాం కదా అని తగ్గించడం లేదు, పెళ్లయి పోతుంది కదా అని మినహాయించడం లేదు. చనిపోయింది తండ్రి అయితే ఇదే లెక్క తల్లి పేరు మీద నడుస్తుంది. ఆమె సగం ఆమెదే.

చూడవలసిన సొగసు ఇంకో మెట్టు కింద ఉంది. కమతాన్ని ముక్కలు చేయకూడదని వలసదారుల చట్టం. ఒక కమతం ఒక కుటుంబాన్ని బతికించాలి, పన్ను కట్టాలి, కాబట్టి 65 దెస్యతీనాలు 65గానే ఉండాలి. వారసత్వం చూస్తే పిల్లలందరికీ సమం అంటోంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం. పనివాడి నేర్పు ఇక్కడే బయటపడింది. భూమిని పంచకుండా దాని విలువను పంచారు. కమతం ఒకరి చేతిలో ఉంటుంది. మిగతావాళ్ల వాటాలు ఆ కమతం మీద బాకీలుగా పుస్తకంలోకి ఎక్కుతాయి. పొలం గట్లు కదలవు, అంకెలు కదులుతాయి. అన్నదమ్ములు గట్టు దగ్గర గొడ్డళ్లు పట్టుకునే దేశంలో పుట్టినవాడిగా ఈ ఒక్క ఏర్పాటు నాకు ఎంత చూసినా తనివి తీరదు.

తండ్రి మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటే ఒక నియమం ఉంది. ముందు మొదటి పిల్లల వాటా తేల్చి రాయించాలి, ఆ తర్వాతే పెళ్లి. సవతి తల్లి వచ్చాక ఎవరిది ఎంత అనే తగవు పుట్టడానికి చోటే లేకుండా చేశారు. ఆ రోజుల్లో కాన్పుల్లో ఆడవాళ్లు పోయేవారు, మగవాళ్లు వెంటనే మరో పెళ్లి చేసుకునేవారు. ఒకే ఇంట్లో మూడు పెళ్లిళ్ల పిల్లలు పెరగడం మామూలు. ఆ ఇళ్ల బాధ దగ్గరనుంచి ఎరిగినవాళ్లు పెట్టిన నియమం ఇది.

పిల్లల డబ్బు కచేరీలో జమ అవుతుంది. దానికి వడ్డీ కడతారు. అదే డబ్బును ఊళ్లో ఎద్దులకో విత్తనాలకో ఇల్లు కట్టుకోవడానికో కావలసినవాడికి జామీను తీసుకుని కొంచెం ఎక్కువ వడ్డీకి అప్పిస్తారు. ఆ తేడాతో కచేరీ ఖర్చులు గడుస్తాయి. దాన్ని నడిపేవాళ్లు ఎన్నికైనవాళ్లు. పిల్లవాడు యుక్తవయసుకు వచ్చేనాటికి అతని పేరు మీద అసలూ వడ్డీ కలిపి ఒక అంకె సిద్ధంగా ఉంటుంది. ఇంతకుమించి హంగు లేదు. పెద్దల డబ్బు కూడా మెల్లగా అక్కడికే చేరి, కచేరీ ఆ ఊళ్ల బ్యాంకు అయింది. అనాథల పేరున పుట్టిన బ్యాంకు కాబట్టి అందులో మోసం చేస్తే అది దేవుడి లెక్కలో కూడా పడుతుంది. ఆ భయం ఆడిటర్ చేసే పని కొంత చేసి ఉంటుందని నా నమ్మకం. సర్కారు లెక్కకూ దేవుడి లెక్కకూ మధ్య ఇరుక్కుని గోలకొండ చెరసాలకు వెళ్లిన కంచర్ల గోపన్నది ముదిగొండ పక్కనున్న నేలకొండపల్లి. ఆ రెండు ఖాతాలు కలిస్తే ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకు కథగా చెప్పాల్సిన పని లేదు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిందని, అది కూడా అప్పటికి పెళ్లి కానివాళ్లకేనని గుర్తు చేసుకుంటే, మొలోచ్నా పుస్తకంలోని ఆ మూడో 200 ఎంత ముందుదో తెలుస్తుంది. అయినా పొగడ్తను కొంచెం అదుపులో పెట్టుకోవాలి. ఊరి సభలో ఓటు మగవాళ్లదే. ఆస్తి విషయాల్లో విధవకు తోడుగా ఒక మగ సలహాదారు ఉండాల్సిందే. డబ్బులో సమానం, మాటలో కాదు.

ఇంత చక్కగా బిగించిన పనిలో ఒక చీలిక ఉంది. అది పెద్దది. కమతం చీలదు, ఓటు కమతానిది, కుటుంబాలు మాత్రం పెరుగుతాయి. వాటా సొమ్ము తీసుకుని పక్కకు వెళ్లిన కొడుకు వడ్రంగమో కమ్మరమో నేర్చుకోవాలి, లేదా ఊరి చివర చిన్న ఇల్లు వేసుకుని కూలికి పోవాలి. 1860లకు వచ్చేసరికి మొలోచ్నాలో మూడింట రెండు వంతుల కుటుంబాలకు భూమి లేదు, కాబట్టి ఊరి సభలో నోరూ లేదు. సంఘం చేతిలో ఉమ్మడి భూములు మిగిలి ఉన్నాయి. వాటిని కౌలుకు తీసుకుని లాభపడుతున్నది ఉన్నవాళ్లే. సభలో కూర్చుని ఆ కౌలు సంగతి తేల్చేదీ వాళ్లే. ఒకే గుడిలో పక్క పక్క బల్లల మీద కూర్చుని సోదరా అని పిలుచుకునేవాళ్ల మధ్య ఈ తగవు ముదిరింది.

భూమి లేనివాళ్లు జారు ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం కలగజేసుకుంది. 1866 తర్వాత ఇల్లున్న నిరుపేదకు ఓటు వచ్చింది. పూర్తి కమతాన్ని సగం, పావు చేసుకోవడానికి అనుమతి వచ్చింది. మిగులు భూమి పంచారు. ఉమ్మడి భూముల కౌలు డబ్బుతో దూరాన కొత్త భూములు కొని పిల్ల కాలనీలు వేయడం అప్పటినుంచి ఒక పద్ధతిగా సాగింది. వాటిలో ఒకటి జాగ్రదోవ్కా, 1871లో. ఊరి డబ్బుతో ఊరి బీదవాళ్లకు ఇంకోచోట ఊరు కట్టివ్వడం! 2007 జూలై 28న, భూమి కోసం, ఇళ్ల స్థలాల కోసం వామపక్షాలు పిలిచిన బంద్ నాడు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన ముదిగొండలో నిలబడి చూస్తే ఆ పద్ధతి విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అయితే మొలోచ్నా పెద్దమనుషులు ఆ పనికి తమంతట తాము దిగలేదు. పైనుంచి హుకుం రావలసి వచ్చింది. కత్తి వద్దన్నవాళ్లకు న్యాయం చేయడానికి కూడా చివరికి కత్తి ఉన్నవాడే కావలసి వచ్చింది.

ఈ చిక్కు వాళ్లలో కొందరికి మొదటినుంచీ కనిపిస్తూనే ఉంది. తప్పు చేసినవాడికి షుల్ట్సే శిక్ష వేస్తున్నాడు, ఆ షుల్ట్సే ఆదివారం గుడిలో మన సోదరుడు. ఇది ఎట్లా కుదురుతుంది అని క్లాస్ రీమర్ అనే బోధకుడు 1812 ప్రాంతంలోనే అడిగి, కొద్దిమందితో వేరుపడ్డాడు. యోహాన్ కోర్నీస్ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. గొప్ప రైతు, చెట్లు నాటించినవాడు, పొలాన్ని నాలుగేళ్ల వంతులతో తిప్పి ఒక ఏడు బీడు ఉంచాలని నేర్పినవాడు, బడులను బాగు చేసినవాడు. మాట వినని రైతుల మీదా, ఎదురు చెప్పిన మతపెద్దల మీదా సర్కారు బలంతో స్వారీ చేసినవాడు కూడా. మొలోచ్నా పచ్చదనంలో అతని పాలు ఎంతో, అక్కడి భయంలోనూ అంతే.

1860 జనవరి 6న 18 మంది ఇంటి యజమానులు పాత సంఘం చప్పబడిపోయిందని కాగితం మీద సంతకాలు పెట్టి బయటికి వచ్చారు. మెనొనైట్ బ్రెదరెన్ పుట్టుక అదే. అసమ్మతివాదుల మనవళ్లయిన జిల్లా కచేరీవాళ్లు ఈ కొత్త అసమ్మతివాదులను ఏం చేశారు? వలసదారుల హక్కులు తీసేస్తామని బెదిరించారు. ప్రభుత్వం 1864లో గుర్తించేదాకా ఆ పోరు నడిచింది.

ఈ కొత్త సంఘానికి మతాన్ని పంచాలన్న ఉబలాటం ఎక్కువ. రష్యాలో ఆర్థొడాక్స్ క్రైస్తవులకు బోధించడం మాత్రం నిషేధం. కాథరిన్ 1763 ప్రకటనలోనే ఉన్న షరతు అది. ఇంటి పక్కవాడికి చెప్పకూడని మాట నల్లగొండలో చెప్పుకోవచ్చు. ఫ్రీజెన్ ఇంత దూరం రావడానికి భక్తి ఎంత కారణమో ఈ కట్టడి కూడా అంతే కారణమని నాకనిపిస్తుంది.

ఆయనా, ఆయన వెంట వచ్చినవాళ్లూ ఇక్కడ గుడి కట్టారు, బడి పెట్టారు, మందులిచ్చారు. అనాథల కచేరీకి ఇక్కడ చోటు దొరకలేదు. వాళ్ల మాట విని చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, మాలలు. దొర పొలంలో పనిచేసే కూలీలు. తల్లి చనిపోతే కొడుక్కీ కూతురికీ సమంగా పంచడానికి ఆ ఇళ్లలో ఏముంది? తండ్రి చేసిన వెట్టి కొడుక్కి దక్కేది. మొలోచ్నా పుస్తకం మొదటి పేజీలోనే 65 దెస్యతీనాలు ఉన్నాయి. ఆ పేజీ లేకపోతే మిగతా పేజీలకు పని లేదు. నల్లగొండలో ఆ పేజీ కోసం కొట్లాట 1940లలో మొదలైంది. దాన్ని నడిపినవాళ్లు బైబిలు పట్టినవాళ్లు కారు, తుపాకీ పట్టడానికి వెనకాడనివాళ్లు. రష్యా మైదానం నుంచి వచ్చే డబ్బు అప్పటికి చాలా ఏళ్లుగా ఆగిపోయింది. మొదటి ప్రపంచయుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం, అరాచకవాది మఖ్నో దళాల దాడులు కలిసి ఆ ఊళ్లను చిదిమేశాయి.

కచేరీ పుస్తకం మాత్రం అంతకు ముందే దారి పట్టింది. 1871లో జారు ప్రభుత్వం వలసదారుల ప్రత్యేక హోదా తీసేసింది. 1874లో సైనిక సేవ అందరికీ తప్పనిసరి అంది. దాదాపు 18,000 మంది ఉత్తర అమెరికాకు కదిలారు. ఉన్నవాళ్లతో ఒక రాజీ కుదిరింది. వాళ్ల కుర్రాళ్లు తుపాకీ బదులు అడవుల శాఖలో మొక్కలు నాటుతూ సేవాకాలం పూర్తి చేయవచ్చు. వెళ్లినవాళ్లలో బెర్గ్‌తాల్ అనే కాలనీ దాదాపు మొత్తంగా లేచి కెనడాలోని మానిటోబాకు వెళ్లింది. తమతోపాటు అనాథల కచేరీని కూడా తీసుకెళ్లింది. ఓడ కిరాయి లేని బీదవాళ్లకు ఆ కచేరీ సొమ్ములోంచి అప్పులిచ్చారు. అంటే తల్లి పోయిన పిల్లల 200లతో ఒక ఊరు సముద్రం దాటింది. మానిటోబాలో ఆ కచేరీలు యాభై ఏళ్లకు పైగా నడిచాయి. 1926-27లో అక్కడినుంచి పరాగ్వేలోని చాకో అడవికి వెళ్లినవాళ్లు అక్కడా ఒకటి తెరిచారు. 1930ల మాంద్యంలో గోధుమ ధర పడిపోయి, తాకట్టులో ఉన్న భూమి విలువ బాకీకి చాలక, మానిటోబాలో కొన్ని కచేరీలు దివాలా తీశాయి. వాటిలో డబ్బు దాచుకున్న పిల్లలకు, ముసలివాళ్లకు వాళ్ల అసలు పూర్తిగా చేతికి రాలేదు.